పాఠకుల ప్రశ్నలు: ఫ్లోరెన్స్‌లో ఏ చర్చి చూడాలి, ఏ ప్యాలెస్ వదిలేయాలి?

ఇటలీ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఫ్లోరెన్స్ మీదే ఉన్నాయి కాబట్టి ఈ సంచికలో ఆ ఊరికే జవాబులు. వెనిస్, రోమ్ వాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి మిలాన్‌లో ఎంఎస్ చేస్తోంది. అక్టోబర్‌లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం, ఫ్లోరెన్స్‌కి రెండ్రోజులు పెట్టుకున్నాం. అమ్మాయి రాసిచ్చిన లిస్టులో తొమ్మిది చర్చిలు, ఆరు ప్యాలెస్‌లు, రెండు మ్యూజియాలు ఉన్నాయి. అన్నీ అవుతాయా? (హనుమకొండ)

జవాబు: అవ్వవండీ. కాళ్లకి అవుతాయేమో గానీ కళ్లకి అవ్వవు. నాలుగో చర్చికి వచ్చేసరికి ఏ మేరీమాత బొమ్మ ఎక్కడ చూశారో కలగాపులగం అయిపోతుంది. మూడు చర్చిలు, రెండు ప్యాలెస్‌లు పెట్టుకోండి, వాటిని తీరిగ్గా చూడండి. మిలాన్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో సుమారు రెండు గంటలు. దిగగానే స్టేషన్‌కి దాదాపు ఎదురుగానే శాంతా మరియా నొవెల్లా చర్చి ఉంటుంది, స్టేషన్ పేరు కూడా అదే. మొదటి రోజు అది, తర్వాత దువోమో, అంటే ఊరి ప్రధాన చర్చి, దాని దగ్గర్లోనే మెదిచి ప్యాలెస్. రెండో రోజు శాంతా క్రోచె చర్చి, పలాజ్జో వెక్కియో అనే ప్యాలెస్, ఓపిక ఉంటే ఆర్నో నది దాటి శాంతో స్పిరితో చర్చి. నది అవతలి పిట్టి ప్యాలెస్ మటుకు ఒక్కటే సగం రోజు తినేస్తుంది, దాన్ని ఈసారికి వదిలేయండి.

ఎక్కడికి వెళ్లినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి డబ్బు పెట్టింది ఎవరు? ఫ్లోరెన్స్ అంతా ఆ ప్రశ్నకి జవాబే. శాంతా మరియా నొవెల్లా ముఖద్వారం పైకి తలెత్తి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెద్ద లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. దేవుడి మాట అనుకుంటాం కదా, అది జొవాన్ని రుచెల్లాయ్ అనే వ్యాపారి పేరు, తండ్రి పేరు, 1470 అనే సంవత్సరం! మన గుళ్లలో ట్యూబులైట్ మీద దాత పేరు రాయించినట్టే, కాకపోతే ఈయన ఆల్బెర్తి లాంటి ఆర్కిటెక్టుని పెట్టుకుని పాలరాతిలో చెక్కించాడు. లోపల ఎడమవైపు గోడ మీద మసాచ్చో వేసిన త్రిత్వం బొమ్మ దగ్గర ఆగండి. 1420ల్లో వేసింది. గోడలో నిజంగానే ఒక గది తొలిచినట్టు కనిపిస్తుంది, దగ్గరికెళ్తే చదును గోడే. కింద ఒక అస్థిపంజరం, దాని పైన “నేను ఒకప్పుడు మీలాగే ఉన్నాను, మీరూ నాలాగే అవుతారు” అనే అర్థంలో రాత.

వారాల సంగతి ముందే చూసుకోండి, అసలు టెన్షన్ అక్కడే. ఆదివారం దువోమోలోకి టూరిస్టులని రానివ్వరు, శాంతా క్రోచెలోకి మధ్యాహ్నం నుంచే రానిస్తారు. మెదిచి ప్యాలెస్‌కి బుధవారం సెలవు. పలాజ్జో వెక్కియో గురువారం మధ్యాహ్నానికే మూసేస్తారు. పండగలకి ఇవీ మారతాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ల సైట్‌లోనే ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మేం హిందువులం. చర్చిలోకి రానిస్తారా? చీరతో వెళ్లొచ్చా? (పేరు రాయలేదు, రాజమండ్రి)

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు, మతం ఎవరూ అడగరు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, అంతే. చీరకి ఏ ఇబ్బందీ లేదు, స్లీవ్‌లెస్ జాకెట్ అయితే పైట భుజం మీదుగా కప్పుకోండి. పేచీ అంతా షార్ట్స్ వేసుకొచ్చే మీవారితో, పిల్లలతో. మగవాళ్లు టోపీ తీసేయాలి. ప్రార్థన జరుగుతుంటే తిరగకుండా వెనక బెంచీలో కూర్చోండి, లేదంటే అయ్యాక రండి. చెప్పులు విప్పక్కర్లేదు.

ప్రశ్న: దువోమో గుమ్మటం ఎక్కాలని నాకు చాలా ఆశ. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్ ఉందా? అమ్మని కింద ఒంటరిగా వదిలేయడం ఇష్టం లేదు. (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: లిఫ్ట్ లేదు, 463 మెట్లు. పక్కన జొత్తో గంటస్తంభానికి 414, దానికీ లిఫ్ట్ లేదు. గుమ్మటానికి లోపల ఒక పొర, బయట ఒక పొర ఉంటాయి, ఆ రెండింటి మధ్య సందులోంచి మెట్లు పైకి పోతాయి. ఇరుకు, వంపు, మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి దిగడం అంత తేలిక కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లూ, ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లూ వద్దు.

మీరు మాత్రం ఎక్కండి. 1420 నుంచి 1436 దాకా కట్టారు దాన్ని. అడుగున వెడల్పు దాదాపు 45 మీటర్లు. అంత వెడల్పుకి కింద నుంచి చెక్క సెంటరింగ్ కట్టడం కుదిరే పని కాదు, అంత పెద్ద దూలాలూ లేవు. బ్రునెలెస్కి అనే ఆర్కిటెక్టు కింద నుంచి ఆధారం లేకుండానే వరస మీద వరస లేపాడు. కొత్త వరస తడి ఆరేలోపు జారిపోకుండా ఇటుకల్ని చేప ముల్లు ఆకారంలో, మధ్యమధ్యలో నిలువుగా పెట్టి బిగించాడు. ఎక్కేటప్పుడు పక్క గోడ చూడండి, ఆ నిలువు ఇటుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎదురుగా వచ్చేవాళ్లకి దారివ్వడానికి ఎలాగూ ఆగాలి, అప్పుడు చూసుకోవచ్చు.

అమ్మగారి సంగతి. వెనకాలే దువోమో మ్యూజియం ఉంది, అందులో లిఫ్ట్ ఉంది. ఆవిడకి గిబెర్తి పాస్ తీసుకోండి, మీకు బ్రునెలెస్కి పాస్. గుమ్మటం ఎక్కడానికి బ్రునెలెస్కి పాస్ ఒక్కటే పనికొస్తుంది. ఎక్కే టైం ముందే బుక్ చేసుకోవాలి, తర్వాత మార్చరు. మ్యూజియంలో గిబెర్తి అనే శిల్పి ఇరవై ఏళ్లకి పైగా కూర్చుని చేసిన బంగారు తలుపులు ఉన్నాయి. బయట బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరానికి, ఉన్నవి నకళ్లు, జనం మాత్రం వాటి ముందే గుంపులుగా నిలబడి ఫొటోలు దిగుతుంటారు! మైఖేలాంజెలో తన సమాధి కోసం చెక్కుకుని, విసుగొచ్చి తనే సుత్తితో పగలగొట్టిన శిల్పం కూడా ఇక్కడే ఉంది. క్రీస్తు శరీరాన్ని వెనక నుంచి పట్టుకున్న ముసలాయన ముఖం శిల్పిదే అంటారు. పై అంతస్తు టెర్రస్ నుంచి గుమ్మటం ఎదురుగానే ఉంటుంది, అమ్మగారు అక్కడి నుంచి చూడొచ్చు.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీర్‌ని. ఫొటోల్లో ఫ్లోరెన్స్ ప్యాలెస్‌లు జైళ్లలా ఉన్నాయి. మైసూర్ ప్యాలెస్ చూసిన కళ్లకి ఇవేం ప్యాలెస్‌లు? (విశాఖపట్నం)

జవాబు: అవి రాజుల కోటలు కావండీ, సేట్ల ఇళ్లు. పేరుకి ఊరు రిపబ్లిక్, పెత్తనం మాత్రం బ్యాంకు నడిపే మెదిచిలది. 1444లో కోసిమో మెదిచి ఇల్లు మొదలుపెడుతూ, బ్రునెలెస్కి ఇచ్చిన ప్లాను మరీ ఆర్భాటంగా ఉందని పక్కన పెట్టి మికెలోజ్జో అనే ఇంకో ఆర్కిటెక్టుకి పని ఇచ్చాడని చెబుతారు. ఊరి కళ్లు కుట్టకూడదు కదా. కింది అంతస్తు రాళ్లు కొండ నుంచి అప్పుడే ఊడి వచ్చినట్టు గరుకుగా బయటికి పొడుచుకొస్తాయి. రెండో అంతస్తులో రాళ్లు చదునే గానీ అతుకుల గీతలు కనిపిస్తాయి. మూడో అంతస్తు నున్నగా ఉంటుంది. మీరు ఇంజనీర్ కాబట్టి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి కింద నుంచి పైకి చూడండి, గోడ బరువు తగ్గుతూ పోతున్నట్టు కంటికి తెలుస్తుంది. గోడ వెంబడి రాతి అరుగు ఉంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

కింద అంత గట్టిగా ఎందుకంటే, ఆ వీధుల్లో కత్తులు దూసేవాళ్లు. 1478 ఏప్రిల్ 26న దువోమోలో ప్రార్థన జరుగుతుండగానే పాజ్జి కుటుంబం మనుషులు కోసిమో మనవడు జూలియానోని పొడిచి చంపారు. అన్న లొరెంజో గాయంతో లోపలి గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుని బతికాడు. ఇది తెలిశాక దువోమోనీ ఈ ఇంటినీ విడివిడిగా చూడలేం.

మైసూర్ వైభవం కావాలంటే మేడ మీద మాగీ చాపెల్‌కి, అంటే ఇంట్లోని ప్రార్థన గదికి, వెళ్లండి. చిన్న గది, లోపలికి ఒకసారి కొద్దిమందినే పంపుతారు. 1459లో బెనోజ్జో గోజ్జోలి గోడల నిండా ముగ్గురు జ్ఞానుల ఊరేగింపు వేశాడు. బాల ఏసుని చూడ్డానికి బయల్దేరినవాళ్లే గానీ గుర్రాల మీద ఉన్న ముఖాల్లో మెదిచి కుటుంబం వాళ్లున్నారు. దీపాల వెలుగులో చూడ్డానికి వేసిన బొమ్మలు కాబట్టి బంగారు రేకు దండిగా వాడారు, తల కాస్త అటూఇటూ కదిపితే జీనులు, కుచ్చులు మిలమిలా మెరుస్తాయి. గుంపులో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన మనకేసే చూస్తుంటాడు, టోపీ అంచు మీద పేరుంది. ఆయనే చిత్రకారుడు. తర్వాత ఇల్లు కొన్న రిక్కార్డి వాళ్లు కొత్త మెట్ల కోసం ఒక మూల గోడని కోసి జరిపేశారు, ఆ విరుపు ఇంకా కనిపిస్తుంది. కొన్నవాళ్ల ఇష్టం, ఏం చేస్తాం!

కాస్త దూరంలో స్త్రోజ్జి ప్యాలెస్ ఉంది. మెదిచిలు ఆ కుటుంబాన్ని ఊళ్లోంచి తరిమేస్తే ఫిలిప్పో స్త్రోజ్జి నేపుల్స్‌లో సంపాదించి తిరిగొచ్చి, 1489లో వాళ్లింటికంటే పెద్దది మొదలుపెట్టి, రెండేళ్లకే పోయాడు. పంతం ఇల్లు అంటే అది. లోపలి చావడికి టికెట్ లేదు.

ప్రశ్న: శాన్ లొరెంజో చర్చి ముందు భాగం ఎందుకలా మొండిగా, పూత లేని గోడలా ఉంది? రిపేర్ జరుగుతోందా? (కర్నూలు)

జవాబు: ఐదొందల ఏళ్లుగా అలాగే ఉంది. మెదిచి వంశంలోంచి పోప్ అయిన పదో లియో ఆ ముఖభాగం మైఖేలాంజెలోకి అప్పజెప్పాడు, ఆయన పాలరాయి కోసం గనుల చుట్టూ తిరిగాడు, 1520లో కాంట్రాక్టు రద్దయింది. చెక్క నమూనా మిగిలింది. దువోమో ముఖభాగమూ శతాబ్దాల పాటు ఇలాగే బోసిగా ఉండి 19వ శతాబ్దంలో పూర్తయింది. ఆ తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల హంగు నాకైతే కాస్త ఎక్కువే అనిపిస్తుంది, శాన్ లొరెంజో మొండి గోడే ఇష్టం.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. చర్చి అనగానే మొహం మాడ్చుకుంటాడు. (డాలస్, అమెరికా)

జవాబు: శాంతా క్రోచెకి తీసుకెళ్లి గెలీలియో సమాధి చూపించండి. 1642లో చనిపోతే చర్చి పెద్దలు గౌరవంగా సమాధి కట్టనివ్వలేదు, ఓ మూల చిన్న గదిలో పెట్టారు. 1737లో బయటికి తీసి మైఖేలాంజెలో సమాధికి ఎదురుగా పెట్టారు. తీసినప్పుడు అభిమానులు వేళ్లు ఊడదీసుకుపోయారు. ఆ మధ్యవేలు ఇప్పుడు నది ఒడ్డున గెలీలియో మ్యూజియంలో గాజు బుడగలో ఉంది. ఈ కథ చెప్పి తీసుకెళ్తే ముందు వాడే నడుస్తాడు. కవి డాంటే సమాధి అని ఒకటి కనిపిస్తుంది, అది ఖాళీ. ఊరు వెళ్లగొట్టిన మనిషి రావెన్నాలో పోయాడు, వాళ్లు ఎముకలు తిరిగివ్వలేదు.

ప్రశ్న: స్టూడెంట్‌ని, టికెట్లకే జేబు ఖాళీ. ఉచితంగా ఏమున్నాయి? (పేరు వద్దన్నారు, జర్మనీ)

జవాబు: దువోమో లోపలికి ఉచితమే, క్యూ మాత్రం పెద్దది. కొండ మీద శాన్ మినియాతో చర్చి ఉచితం. నెలలో మొదటి ఆదివారం ఉఫీజీ మ్యూజియం, పిట్టి, మెదిచి చాపెల్స్ ఉచితం, జనం మాత్రం ఇసకేస్తే రాలనట్టుంటారు. నన్నడిగితే శాంతా త్రినితా చర్చికి వెళ్లండి. మెదిచి బ్యాంకు మేనేజరు సస్సెత్తి 1480ల్లో గిర్లాందాయో అనే చిత్రకారుడితో బొమ్మలు వేయించిన చాపెల్ ఉంది. చీకటిగా ఉంటే పక్కన నాణెం వేసే డబ్బా కోసం చూడండి. ఇలాంటి చర్చిల్లో నాణెం పడితే లైటు వెలుగుతుంది, కాసేపటికి టప్పున ఆరిపోతుంది, అందుకే చిల్లర ఉంచుకోండి. బొమ్మలో మేడ మీంచి పడి చనిపోయిన కుర్రాణ్ని సెయింట్ ఫ్రాన్సిస్ బతికిస్తుంటాడు. ఆ మేడ, ఆ వీధి మీరు ఇప్పుడే దాటొచ్చినవి. బయటికొస్తే ఆ మేడే, స్పీని ప్యాలెస్, అలాగే నిలబడి ఉంటుంది.

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో మన దేశానికి సంబంధించింది ఏదైనా ఉందా? (నిజామాబాద్)

జవాబు: ఉంది, కాకపోతే చర్చీ కాదు ప్యాలెసూ కాదు. కొల్హాపూర్ మహారాజు రాజారాం 1870లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఇక్కడే చనిపోయాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆర్నోలో ముగ్నోనె వాగు కలిసే చోట దహనం చేశారు. అక్కడ ఛత్రి, అంటే గొడుగు లాంటి మండపం, కింద ఆయన విగ్రహం ఉంది, పక్కన వంతెనని కూడా ఇండియన్ పేరుతోనే పిలుస్తారు. కషీనె పార్కు ఆ చివరికంటా నడవాలి, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకండి.