1854లో ఐర్లండ్ తీరంలో మునిగిన ‘టేలర్’ అనే ప్రయాణికుల ఓడను దిక్సూచి ఎందుకు దారి తప్పించింది?

మూలకారణం ఓడ ఇనుపది కావడమే. ఓడను కడుతున్నప్పుడు ఇనుప రేకులను కలిపే రివెట్ల మీద పడే సుత్తి దెబ్బలకు, భూ అయస్కాంత క్షేత్రంలో ఒకే దిక్కుకు నెలల తరబడి ఉన్న ఇనుము తానే అయస్కాంతమైపోతుంది. దిక్సూచి ముల్లు ఉత్తరానికి బదులు ఓడవైపు లాగుతుంది. ఓడ తిరిగే దిక్కును బట్టి ఆ తేడా కూడా మారుతుంది, అసలు చిక్కు అక్కడే.

దీనికి విరుగుడుగా ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1838లోనే దిక్సూచి పక్కన అయస్కాంతాలు, మెత్తని ఇనుప ముక్కలు అమర్చే పద్ధతి చూపాడు. కానీ రేవులో సరిచేసిన లెక్క సముద్రంలో నిలవదని, అలల తాకిడికి ఓడ అయస్కాంతత్వం మారుతుందని నావికుడు, శాస్త్రవేత్త విలియం స్కోర్స్‌బీ వాదించాడు. ఇనుముకు దూరంగా, కొయ్య స్తంభం పైన ఇంకో దిక్సూచి పెట్టమన్నాడు.

టేలర్ జనవరి 19న లివర్‌పూల్ నుంచి మెల్‌బోర్న్‌కు బయలుదేరింది. దక్షిణానికి పోతున్నామనుకుంటూ పడమరకు, ఐర్లండ్ వైపు జరిగింది. కొత్త తాళ్లను ముందుగా సాగదీయకపోవడంతో వదులై తెరచాపలు అదుపు తప్పాయి. చుక్కాని కూడా ఓడ పరిమాణానికి చిన్నదే. 21న ఐర్లండ్ తూర్పు తీరంలోని లాంబే ద్వీపం దగ్గర రెండు లంగర్లు దించితే గొలుసులు తెగాయి. 650 మందికి పైగా ఉన్న ఆ ఓడలో 300 మందికి పైగా చనిపోయారు. దిక్సూచి ఒక్కటే ముంచిందనడం సగం నిజమే.