రైతు సందేహాలు: యూరియా పెరిగింది, విత్తనం పెరిగింది, తాలూ పెరిగింది

ప్రశ్న: దాళ్వా (రబీ)లో 1010 రకం వరి విత్తనాన్ని మండె కట్టి (నానబెట్టి మొలకెత్తించి) వెదజల్లాం. ఎకరాకు 30 కిలోల విత్తనం, రెండు కట్టల డీఏపీ, నాలుగు కట్టల యూరియా పడ్డాయి. చివరి కట్ట ఈనికకు ముందు చల్లాం. పొటాష్ వేయలేదు. చేను నల్లగా, ఒత్తుగా పెరిగి కొంత పడిపోయింది. ధాన్యంలో పచ్చిగింజ, తాలు ఎక్కువని, ఆడిస్తే బియ్యం విరిగి నూకవుతోందని మిల్లులో అంటున్నారు. లోపం ఎక్కడుంది?
– రైతు, ఉండి మండలం

జవాబు: ముందు విత్తనం సంగతి. 1010 వెయ్యి గింజలు సుమారు 23 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన 30 కిలోలంటే చదరపు మీటరుకు 300 గింజలు దాటాయి. దాళ్వా ఊడ్పులో చదరపు మీటరుకు 44 దుబ్బులు, దుబ్బుకు రెండు మూడు మొక్కలు చాలు, అంటే సుమారు 90 నుంచి 130 మొక్కలు. మొలక శాతం బాగుంటే వెదజల్లడానికి 15 కిలోలు సరిపోతాయి. ఒత్తుగా పడ్డచోట కాడ సన్నబడి, వెన్ను పొట్టిదై, దాని అడుగు గింజలు నిండవు. గాలి ఆడక పాముపొడ తెగులు, సుడిదోమ పురుగు కూడా చేరతాయి. చేత్తో చల్లేటప్పుడు ఒకచోట ఒత్తు, మరోచోట పలచన తప్పవు. పలచన చోట పిలకలు ఆలస్యంగా వస్తూనే ఉంటాయి. డ్రమ్ సీడర్‌తో (వరుసల్లో విత్తే పరికరం) వేస్తే ఈ ఎగుడుదిగుడు చాలావరకు పోతుంది.

ఇక ఎరువు. మీరు ఎకరాకు వేసింది సుమారు 100 కిలోల నత్రజని. గోదావరి డెల్టా దాళ్వాకు సిఫార్సు 72 కిలోల నత్రజని, 36 భాస్వరం, 24 పొటాష్. కట్ట ఎక్కువైన దానికంటే అది పడిన వేళే ఎక్కువ చెడుపు చేసింది. ఆలస్యపు యూరియాతో కొత్త పిలకలు లేచి, తల్లి వెన్ను పండేసరికి అవి పాలమీదే ఉంటాయి. కోత యంత్రానికి ఆ తేడా తెలియదు. కోతకు వారం ముందు చేలో నాలుగైదుచోట్ల దుబ్బు పీకి చూడండి: పై వెన్నులు గడ్డిరంగుకు తిరిగి, కింది పొట్టి వెన్నులు పచ్చగా, నొక్కితే పాలు కారుతుంటే మిల్లులో చెప్పేది అదే. ప్రభుత్వ కొనుగోలులో పచ్చి, ముడత గింజలకు పరిమితి 3 శాతం, తేమకు 17.

వచ్చే దాళ్వాకు ఎకరానికి ఇలా చేయండి. ఆఖరి దమ్ములో డీఏపీ కట్టన్నర, పొటాష్ ఎరువు (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) 20 కిలోలు. యూరియా మూడు కట్టలకు కొంచెం తక్కువ, మూడు సమాన దఫాలుగా: విత్తిన 20, 40 రోజులకు, చివరిది 55–60 రోజుల మధ్య చిరుపొట్ట దశలో, మరో 20 కిలోల పొటాష్ ఎరువుతో. రోజులు లెక్కపెట్టడంకన్నా తల్లి కాడను మొదలు దగ్గర నిలువునా చీల్చి చూడటం నయం. లోపల నూగులాంటి తెల్లని మొన కనిపిస్తే అదే వేళ. ఆ తర్వాత యూరియా ఆపేయండి. ప్రతి దఫా యూరియాను నీళ్లు తీసి బురద పదునులో చల్లి, మర్నాడు నీళ్లు పెట్టుకోండి. పైపాటుగా డీఏపీ, 28-28 (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) చల్లడం మన వైపు అలవాటు. భాస్వరం అప్పటికి పెద్దగా అక్కరకు రాదు, డబ్బు దండగ.

నూకంతా ఎరువుదే కాదు. మార్చి, ఏప్రిల్ ఎండకి గింజ పాలుపోసుకునేటప్పుడే పొట్టతెలుపు (గింజ మధ్యలో సుద్దలాంటి తెల్ల మచ్చ) వస్తుంది, అలాంటి గింజ మరలో విరుగుతుంది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం రాత్రి మంచుకు తడిసి, మళ్లీ ఎండితే పగుళ్లిస్తుంది. సాయంత్రం పరదా కప్పండి.

ప్రశ్న: బార్లీకి యూరియా ఎక్కువైతే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) తయారీకి పనికిరాదని చదివాను. వరికీ అంతేనా?
– వ్యవసాయ డిప్లొమా విద్యార్థి, పాలకొల్లు

జవాబు: కాదు. బార్లీలో నత్రజని పెరిగితే మాంసకృత్తులు పెరిగి పిండిపదార్థం తగ్గుతుంది. 12 శాతం దాటితే మాల్టు తయారీదారులు సాధారణంగా వద్దంటారు. బార్లీలోనూ మరీ ఒత్తుగా విత్తితే గింజ సన్నబడుతుంది. వరిలో మాంసకృత్తులు కాస్త పెరిగితే గింజ గట్టిపడి నూక తగ్గొచ్చు, అన్నం మాత్రం బిరుసెక్కుతుంది. అయితే ఆ లాభం నిలబడి పండిన చేనుకే.