తడి తువ్వాలను నమ్మకు

హనుమకొండ,
మే నెల.

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. ములుగు దగ్గరి దాకా అంబాసిడర్ మంచిగానే పోయింది. గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి పావుగంటలో వచ్చి సెల్ఫ్ కొడితే లేవలేదు. ఎవరో టాక్సీ డ్రైవర్ ఏసీ పంపు మీద, అదే ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు మీద, తడి తువ్వాల వేస్తే పది నిమిషాలకు స్టార్ట్ అయింది. ఇప్పుడు కొత్త పంపు కొంటానంటున్నావు. కొనకు, ముందు ఇది చదువు.

ఆ తువ్వాల నన్ను మూడు నెలలు మోసం చేసింది. అప్పట్లో కిరాయికి బండి నడిపేవాణ్ని. పరకాలలో పెళ్లి. వెనక సీట్లో పెళ్లికొడుకు, చెమటకు బాసికం జారిపోతోంది, ముహూర్తం దగ్గరపడింది. బండి ఆగింది. పంపు మీద తువ్వాల వేసి నీళ్లు పోశాను, కాసేపటికి లేచింది. ఇంక ఆగినప్పుడల్లా అదే వైద్యం. పంపు రెండుసార్లు మార్చాను కూడా. చివరికి చూస్తే పోయింది డెల్కోలోని కండెన్సర్! డెల్కో అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా, కండెన్సర్ అందులో చిన్న ముక్క. వేడెక్కితే స్పార్క్ పోయేది, చల్లారితే వచ్చేది. నేను పంపును తడుపుతున్న పది నిమిషాల్లో అదీ చల్లారేది. పేరు మాత్రం తువ్వాలకు వచ్చింది.

వేడి మీద లేవని బండికి రోగాలు మూడు. పెట్రోల్ ఎక్కువ కావడం, అసలు రాకపోవడం, స్పార్క్ లేకపోవడం. చల్లారితే మూడూ మాయమవుతాయి, కాబట్టి వేడి మీదున్నప్పుడే చూడాలి.

బానెట్ ఎత్తగానే ముందు వాసన చూడు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజన్ పెట్రోల్ తాగేసిందన్నమాట. బండి నడుస్తున్నంతసేపు ఫ్యాన్ గాలి కొడుతుంది, నీళ్లు తిరుగుతాయి, ట్యాంకు నుంచి చల్లటి పెట్రోల్ వస్తూ ఉంటుంది. తాళం తీశావా, అవన్నీ ఆగిపోతాయి, వేడి మాత్రం ఆగదు. మన అంబాసిడర్‌లో పెట్రోల్‌ను గాలిలో కలిపే కార్బరేటర్, వేడి పొగ బయటికి పోయే సైలెన్సర్ మ్యానిఫోల్డ్ రెండూ ఇంజన్‌కు ఒకే పక్కన, కార్బరేటర్ పైన, అది కింద. పొయ్యి మీద గిన్నె పెట్టినట్టే. కార్బరేటర్‌లోని ఫ్లోట్ గిన్నెలో నిలిచిన పెట్రోల్ మరిగి ఇంజన్ లోపలికి కారుతుంది. గుడి ముందు పావుగంట ఆపినప్పుడు జరిగేది ఎక్కువగా ఇదే. అప్పుడు పెట్రోల్ పాళ్లు పెంచే చోక్ ముట్టుకోకు. యాక్సిలరేటర్ మొత్తం తొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టు. పెడల్‌ను దబదబా కొట్టకు. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బరేటర్ అయితే కొట్టిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతుంది.

వాసన లేదు, ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది, స్పార్క్ నీలంగా చటచటా కొడుతోంది. అప్పుడు అది వేపర్ లాక్, అంటే ఆవిరి అడ్డుపడి పెట్రోల్ రాకపోవడం, కావచ్చు. ఇంజన్‌కు బిగించిన ఏసీ పంపు వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీలుస్తుంది. పీల్చేచోట ఒత్తిడి తక్కువ, ఒత్తిడి తగ్గితే పెట్రోల్ తొందరగా మరుగుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 35 డిగ్రీల దగ్గర్నుంచే ఆవిరి కావడం మొదలుపెడతాయి, మన ఎండ సంగతి నీకు చెప్పాలా! పైపులో ఆవిరి నిండితే పంపు కొట్టుకుంటుంది కానీ పెట్రోల్ రాదు. పంపుకు ముందు అద్దంలాంటి ఫిల్టర్ ఒకటి పెట్టించుకో, సెల్ఫ్ కొడుతుంటే బుడగలు పైకి తేలడం కళ్లారా కనిపిస్తుంది. ఫిల్టర్ సగమే నిండి ఉందని కంగారు పడకు, మంచి బండిలోనూ అలా ఉంటుంది. కానీ తెల్లవారి చల్లటి ఇంజన్‌లో కూడా బుడగలు వస్తే అది ఆవిరి కాదు, ఎక్కడో రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. ట్యాంకు మూత తీయగానే ఉస్సుమని బండి కోలుకుందా? మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. పిన్నీసుతో పొడిస్తే సరి.

స్పార్క్ చూసేటప్పుడు జాగ్రత్త. పెట్రోల్ వాసన ఉండగా చూడనే వద్దు. బానెట్ తెరిచి, వాసన పోయాక, ప్లగ్గును కార్బరేటర్‌కు దూరంగా బ్లాక్‌కు ఆనించి చూడు. పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే కండెన్సరో, కాయిలో. కండెన్సర్ పంపు కంటే చాలా చవక, ముందు దాన్నే మార్చు.

ఇంకోమాట, నువ్వు పోసే పెట్రోల్ ఈ బండి పుట్టినప్పటి పెట్రోల్ కాదు. ఇది 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ ఒక్కదాన్నే కాస్తే 78 డిగ్రీల దాకా మరగదు కానీ, పెట్రోల్‌లో ఈ పాళ్లలో కలిస్తే ఆ మిశ్రమం ఇంకా తొందరగా ఆవిరవుతుంది. పాత రబ్బరునూ తినేస్తుంది. పైపులన్నీ మార్పించు. మీద SAE J30R9 (ఎస్ఏఈ జే30 ఆర్9, పెట్రోల్ పైపుల ప్రమాణం గుర్తు) అని రాసి ఉన్నవే తీసుకో. దుకాణంలో ఏ నల్ల పైపు చూపించినా అదే ఇదంటారు, అచ్చు చూడనిదే డబ్బులివ్వకు.

ఇవన్నీ చూశాక కూడా వేపర్ లాకే అని తేలితే, పెట్రోల్ పైపును మ్యానిఫోల్డ్‌కు దూరంగా తిప్పించి, కార్బరేటర్ కింద రేకు అడ్డం పెట్టించు. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే అది పీల్చదు, నెడుతుంది కాబట్టి చాలా మేలు. కానీ ఒత్తిడి తక్కువుండే రకమే కావాలి, లేకపోతే ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ తట్టుకోలేక పెట్రోల్ పొంగుతుంది. బండి దేనికైనా గుద్దుకుంటే పంపు దానంతటదే ఆగే స్విచ్ కూడా పెట్టించు. రేడియేటర్ పూడుకుపోయినా, స్పార్క్ ఆలస్యంగా పడేలా టైమింగ్ వెనక్కి ఉన్నా ఇంజన్ ఊరికే ఉడుకుతుంది, అదీ చూపించు.

తువ్వాల వేయాల్సే వస్తే పంపు మీదే వెయ్యి. కాలుతున్న మ్యానిఫోల్డ్ మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము పగులుతుంది.

కార్బరేటర్‌కు, మ్యానిఫోల్డ్‌కు మధ్య వేడి పాకకుండా పెట్టే బేకలైట్ దిమ్మె ఒకటి నా పాత పెట్టెలో ఉంది. ఆదివారం బండి తీసుకుని రా. దిమ్మె మందానికి కార్బరేటర్‌ను బిగించే ఇప్పుడున్న స్టడ్లు సరిపోవు. వాటి పొడవు, ఎయిర్ క్లీనర్‌కు బానెట్‌కు మధ్య ఖాళీ కొలిచి శుక్రవారం లోపు ఫోన్ చెయ్యి, పొడుగు స్టడ్లు తెప్పించి పెడతాను.

మీ పెద్దబాపు