పట్టుదల కాదు, ఇంకో ఆరు పళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం సైకిల్ మీద కొండలెక్కడం గురించే. వానలు మొదలయ్యేలోపు ఎక్కేయాలని అందరికీ ఒకేసారి తోచినట్టుంది. ఒక పెద్ద ఉత్తరం, రెండు చిన్నవి తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం. రెండేళ్ల కిందట రోడ్ బైక్ కొన్నాను. చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం వైపు చదునైన రోడ్డు మీద గంటకు 26 కిలోమీటర్ల వేగంతో హాయిగా వెళ్తాను. జనవరిలో హార్స్‌లీ హిల్స్ ఎక్కుదామని నలుగురు మిత్రులం అనుకున్నాం. సాధన కోసం మూడు ఆదివారాలు భాకరాపేట ఘాట్‌కు వెళ్లాను. రెండుసార్లు మధ్యలోనే దిగి నడిపించుకుంటూ వెళ్లాను. అప్పటి నుంచి అలారం 4.45కు మోగుతుంది, ఆపేస్తాను, పడుకుంటాను. రాత్రిళ్లు కొండలెక్కే వాళ్ల వీడియోలు గంటసేపు చూస్తాను. తెల్లవారేసరికి ఆ ఉత్సాహం ఉండదు. ఈ సైకిల్ ఆయుధపూజకు తప్ప దేనికీ పనికిరాదని మా ఆవిడ అంటోంది. పట్టుదల పెంచుకోవడం ఎలా? నా బరువు 78 కిలోలు. సైకిల్‌కు ముందు, పెడల్ దగ్గర, రెండు పళ్లచక్రాలు: 50, 34 పళ్లవి. వెనుక చక్రానికి ఉన్నవి 11 పళ్ల నుంచి 28 పళ్ల దాకా.
— ఒక పాఠకుడు, కొర్లగుంట

జవాబు: ఉత్తరం చివర ఆ పళ్ల లెక్క రాసి మంచి పని చేశారు. అది లేకపోతే నేను కూడా నాలుగు ధైర్యవచనాలు చెప్పి ఊరుకునేవాణ్ణి. మీకు తక్కువైంది పట్టుదల కాదు. వెనుక చక్రానికి ఇంకో ఆరు పళ్లు.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త లెక్క భరించండి. ముందు 34, వెనుక 28 వేసుకుంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి మీ సైకిల్ సుమారు రెండున్నర మీటర్లు ముందుకు పోతుంది. మీరు, సైకిల్, నీళ్ల సీసా కలిపి 90 కిలోలనుకుందాం. నూటికి ఎనిమిది ఎత్తున్న రోడ్డు, అంటే వంద మీటర్లు పోతే ఎనిమిది మీటర్లు పైకెక్కే రోడ్డు మీద, మీ కాళ్లు నిలకడగా 150 వాట్లు ఇస్తే వేగం గంటకు ఏడు కిలోమీటర్లు దాటి కొంచెం. ఆ వేగంలో ఆ గేరులో మీ పెడల్ నిమిషానికి 47 చుట్లే తిరుగుతుంది. అంటే ప్రతి చుట్టూ ఒక బస్తా ఎత్తినట్టే. మోకాలు, నడుము, మెడ అన్నీ బిగుసుకుంటాయి. అదే వెనుక 34 పళ్లుంటే అదే వేగానికి, అవే 150 వాట్లకు, 57 చుట్లు వస్తాయి. కొండ తగ్గదు, బస్తా చిన్నదవుతుంది.

ఈ సంగతి నాకు భౌతికశాస్త్రం చెప్పలేదు, అదే సిగ్గుచేటు. పన్నెండేళ్ల కిందట, నా 49వ ఏట, ఎవరో వాడి వదిలేసిన రోడ్ బైక్ కొన్నాను. (రోడ్ బైక్ కొంటున్నానంటే మా ఇంట్లో మోటారు సైకిల్ అనుకున్నారు. సైకిల్ దిగగానే మా అత్తగారి ముఖం చూడాలి.) ఏడాది పాటు మీలాగే ఘాట్ దగ్గరికి వెళ్లడం, సగంలో చచ్చినట్టు దిగడం, వారం రోజులు నన్ను నేను తిట్టుకోవడం. ఒకరోజు ఎక్కుడు మొదట్లో కల్వర్టు మీద కూలబడి ఉన్నాను. పాల క్యాన్లు కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చాడు. రోడ్డు పైకి లేచేచోట తొందరేమీ లేకుండా దిగి, తువ్వాలు తలకు చుట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ నన్ను దాటాడు. దాటుతూ నా సైకిల్‌ను చూసి, "గేర్ల సైకిలు కదా సార్, ఇంతకంటే తేలిక గేరు లేదా దానికి?" అన్నాడు. లేదు. అది అమర్చిన వాళ్లు చదును రోడ్డు పందేలు దృష్టిలో పెట్టుకుని అమర్చారు. ఇరవై ఎనిమిదేళ్లు లీవర్ల సూత్రం చెప్పిన నేను దాన్ని మార్చుకోవచ్చని అనుకోనే లేదు.

మీ చేత అలారం ఆపిస్తున్నది బద్ధకం అనుకోకండి. ఆ రెండు ఆదివారాల్లో పడ్డ బాధ ఒంటికి గుర్తుంది. మళ్లీ అక్కడికే తీసుకెళ్తున్నారని దానికి తెలుసు కాబట్టి దుప్పటి వదలదు. వీడియోలు చూసి మనసును ఒప్పించగలరు, మోకాళ్లను ఒప్పించలేరు. కాబట్టి ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. వెనుక క్యాసెట్, అంటే ఆ పళ్లచక్రాల గుత్తి, 11-34 వేయమనండి. చైన్ కొంచెం పొడవు కావాలి. గేరు మార్చే డీరైలర్ పొట్టి రకమైతే అది అంత పెద్ద పళ్లచక్రానికి సరిపోదు, దాన్ని కూడా మార్చాలి. అది ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే రెండుసార్లు తిరగాలి. 34 కుదరకపోతే 32 అయినా నయమే.

రెండో తప్పు వేగం. మీరు ఘాట్ మొదటి మలుపును చంద్రగిరి రోడ్డు ఊపుతోనే ఎక్కుతున్నారని పందెం కాస్తాను. అందరం అదే చేస్తాం. మొదటి ఐదు నిమిషాలు పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. పక్కన ఎవరూ లేకపోతే గోవింద నామాలు చెప్పుకోండి. నామం మధ్యలో ఊపిరి తెగిందంటే మీరు తొందరపడుతున్నట్టే. అలిపిరి మెట్ల దారిలో మెట్టు మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కే అమ్మలను చూసే ఉంటారు. మొత్తం 3,550 మెట్లు. వాళ్లను గాలిగోపురం దాకా అందరూ దాటిపోతారు. మోకాళ్ల పర్వతం దగ్గర దాటిపోయినవాళ్లలో సగంమంది కూర్చుని ఉంటారు, వీళ్లు పసుపు రాస్తూనే ఉంటారు.

ఇక సాధన. ప్రతి ఆదివారం ఘాట్ మొత్తం ఎక్కాలన్న నియమం తీసేయండి. వారంలో ఒకరోజు నాలుగు నిమిషాల్లో ఎక్కగలిగిన మిట్ట ఒకటి ఎంచుకుని, ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, ఇలా నాలుగుసార్లు. మొదటిసారికీ చివరిసారికీ పది సెకన్లకు మించి తేడా రాకూడదు, అది చాలు. ఇంకొక రోజు రెండు గంటలు హాయిగా, మాటలాడుకుంటూ. ఘాట్‌కు నెలకు ఒక్కసారి. భాకరాపేట ఘాట్ మలుపుల్లో బస్సులు, లారీలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వెలుతురు వచ్చాకే మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మనవైపు వారాలకు వారాలు తినేస్తాయి. అప్పుడు ఇంట్లో ట్రైనర్ స్టాండ్ మీద తొక్కుతారో, మానేస్తారో మీ ఇష్టం. నేను మానేస్తాను. గోడను చూస్తూ తొక్కడం నా వల్ల కాదు.

అలారం గురించి అడిగారు కాబట్టి నా పద్ధతి చెబుతాను, గొప్పదేమీ కాదు. రాత్రే టైర్లకు గాలి కొట్టి, సీసా నింపి, బట్టలు కుర్చీ మీద పెడతాను. పొద్దున నాకు నేను ఇచ్చుకునే మాట ఒక్కటే: చెర్లోపల్లి కూడలి దాకా వెళ్తాను, అక్కడ తిరిగి రావాలనిపిస్తే నిస్సంకోచంగా వచ్చేస్తాను. నిరుడు నాలుగుసార్లు వచ్చేశాను. డైరీలో రాసి ఉంది. రెండుసార్లు జలుబు, ఒకసారి పెళ్లి భోజనం, ఒకసారి కారణమే లేదు. ఆ డైరీలో నేను నిమిషాలు రాయను. ఏ మలుపు దగ్గర ఏ గేరు వేశానో, ఊపిరి ఎక్కడ తెగిందో రాస్తాను. జూన్‌లో కల్వర్టు దగ్గర తెగిన ఊపిరి సెప్టెంబరులో పై మలుపు దాకా తెగలేదని చూసుకున్నప్పుడు కలిగే సంతోషం మీ వీడియోల్లో దొరకదు.

మీకు ఒక తేదీ ఉండటం మంచిదే. బ్రిటన్‌లో సైకిల్ క్లబ్బులు శరదృతువులో కొండ ఎక్కుడు పందేలు పెట్టుకుంటాయి. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదులుతారు, పక్కన పోటీదారు ఉండడు, గడియారమే పోటీ. వాళ్ల జాతీయ పోటీ 1944లో మొదలైంది. ఆ ఏడే మన తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు కూడా తెరిచారు, ఇప్పుడు అది దిగడానికి వాడుతున్న దారి. (తిరుమల ఘాట్‌లో సాధన చేద్దామని మాత్రం అనుకోకండి. ఆ రద్దీ భక్తులది, మన విన్యాసాలకు అక్కడ చోటు లేదు.) ఆ బ్రిటన్ పందెగాళ్లు బరువు తగ్గించుకోవడానికి సీసా పెట్టుకునే బిగింపు కూడా ఊడదీస్తారు. ఆ పిచ్చి మీకు వద్దు. నీళ్లు, రెండు వేరుశెనగ ఉండలు, ఒక పలుచని గాలికోటు తప్పక పట్టుకెళ్లండి. హార్స్‌లీ హిల్స్ సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు. జనవరి పొద్దున చెమటతో తడిసిన చొక్కాతో దిగితే వేళ్లు కొయ్యబారి బ్రేకు పట్టు దొరకదు. నాకు జరిగింది.

మీ ఆవిడకు చెప్పండి: ఆయుధపూజ నాటికి కొత్త క్యాసెట్‌కు కూడా బొట్టు పెట్టాల్సి ఉంటుందని.

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. తెల్లవారుజామున చీకట్లోనే ఒంటరిగా సైకిల్ మీద మొగిలి ఘాట్‌కు వెళ్తున్నాడు. వాడు తిరిగొచ్చేదాకా నేను గేటు దగ్గరే ఉంటాను. మాన్పించాలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించకండి, రోడ్డు మార్పించండి. మీ భయం అతిగా లేదు. పలమనేరు వైపు ఆ ఘాట్‌లో బరువు లారీలు దిగుతుంటాయి, చీకట్లో సన్నని సైకిల్ వాళ్లకు కనిపించదు. ఈ వయసులో వద్దంటే చెప్పకుండా వెళ్తాడు. అరగొండ దగ్గర అర్ధగిరి ఆంజనేయస్వామి కొండ ఉంది కదా, అక్కడికి వెళ్లమనండి. ఎక్కుడుకు ఎక్కుడు, దర్శనానికి దర్శనం. ఇంట్లో మూడు షరతులు పెట్టండి: వెలుతురు వచ్చాకే బయలుదేరాలి, వెనుక ఎర్ర లైటు పగలైనా వెలగాలి, పైకి చేరగానే ఒక సందేశం పెట్టాలి. దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా నొక్కిపట్టవద్దని నా మాటగా చెప్పండి. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించుకుని, మలుపులో వదిలేయాలి. లేకపోతే చక్రం అంచు వేడెక్కుతుంది. ఒక ఆదివారం మీరూ ఆటోలో వెనకే వెళ్లి చూడండి. గేటు దగ్గర నిలబడటం కంటే అది నయం.

ప్రశ్న: సార్, నా సైకిల్ 10.5 కిలోలు. ఇంకో అరవై వేలు పెడితే 8.5 కిలోలది వస్తుంది. కొండలకు తేడా ఉంటుందా? నా బరువు 62.
— ఇంజనీరింగ్ విద్యార్థి, మదనపల్లె

జవాబు: ఉంటుంది. నువ్వు, సైకిల్, నీళ్లు కలిపి 74 కిలోలు. అందులో రెండు తగ్గితే గంటసేపటి ఎక్కుడులో నిమిషంన్నర దాకా మిగులుతుంది. నిమిషంన్నరకు అరవై వేలు. డబ్బు మీ నాన్నగారిదైతే ఈ లెక్క ఆయనకు కూడా చూపించు. నువ్వున్న ఊరు నుంచి హార్స్‌లీ హిల్స్ పొద్దున వెళ్లి టిఫిన్ వేళకు తిరిగి రాగలిగినంత దగ్గర. మాలాంటి వాళ్లు తిరుపతి నుంచి సైకిళ్లు కారుకు కట్టుకుని వస్తున్నాం. ముందు ఉన్న సైకిల్‌తో పదిసార్లు ఎక్కి, పదోసారి ఎలా ఉందో రాయి.