మొదటి ఏడాది కారు కొనకండి

"త్వరలో భార్యాపిల్లలతో ఆస్ట్రేలియా వెళ్తున్నాం. అక్కడ రోజులు ఎలా గడుస్తాయి? సెలవు రోజుల్లో ఎక్కడికి తిరుగుతారు?" అని అడిగారు. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఉండేది మెల్‌బోర్న్‌కు పడమటి వైపు. సెలవులకు ఊరొచ్చి ఖాళీగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

రోజులు ఎలా గడుస్తాయన్నదానికి పెద్దగా చెప్పడానికేం లేదు. పొద్దున లంచ్ బాక్సులు, సాయంత్రం అంట్లు, రాత్రి బట్టలు. పనిమనిషి ఉండదని మిమ్మల్ని ఈపాటికే అందరూ భయపెట్టి ఉంటారు. అంట్లు తోమడం వారం రోజుల్లో అలవాటైపోతుంది. నన్నడిగితే చెత్తే అసలు టెన్షన్. ముందురోజు రాత్రే బిన్ను తీసుకెళ్ళి రోడ్డు అంచున పెట్టాలి. ఏ వారం పసుపు మూతది, ఏ వారం ఆకుపచ్చ మూతదో క్యాలెండరు చూసుకోవాలి. ఒక్కసారి మరిచిపోయారా, ఆ అట్టపెట్టెలతోనే ఇంకో రెండు వారాలు కాపురం.

పిల్లల బడిలో మొదట ఎదురయ్యేది టోపీ. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా టోపీ లేని పిల్లల్ని ఎండలో ఆడుకోనివ్వరు, నీడన కూర్చోబెడతారు. రోహిణి కార్తెలో చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగిన నాకు ఇది వినగానే నవ్వొచ్చింది. కానీ అక్కడి ఎండ వేరు. గాలి చల్లగానే ఉంటుంది, యూవీ కిరణాలు మాత్రం ఒళ్ళు మాడ్చేస్తాయి. ఇక అక్టోబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు. దాంతో మనకూ అక్కడికీ తేడా కొన్నాళ్ళు నాలుగున్నర గంటలు, కొన్నాళ్ళు ఐదున్నర. మా అమ్మ దీన్ని ఇంతవరకూ ఒప్పుకోలేదు. "పొద్దును మార్చడానికి వాళ్ళెవరు?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

సంసారం సంగతి అంతే. అసలు చెప్పదలుచుకున్నది వేరే ఉంది. వెళ్ళిన మొదటి ఏడాది కారు కొనకండి.

ఈ మాట అంటే అక్కడున్న మనవాళ్ళంతా నామీద పడతారు. మా బావమరిది మాకంటే చాలా ముందే వెళ్ళి స్థిరపడ్డవాడు. దిగిన రోజే ఎయిర్‌పోర్టులో "బావా, ముందు కారు, తర్వాతే మంచం" అన్నాడు. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాడిదీ అదే ప్రశ్న. పిల్లలు బాగున్నారా అని అడిగేవాడు లేడు గానీ "ఏం కారు కొన్నావబ్బయా?" అని అడగనివాడు లేడు. మన ఒంగోలు వైపు మనిషి బాగుపడ్డాడో లేదో కారు చూసే తేలుస్తారు కదా.

సరే, కారుంటే ఏమవుతుందో చెప్తాను. మన లైసెన్సు ఉన్నా రూల్స్ పరీక్ష రాయాలి, రోడ్డు మీద ప్రమాదాన్ని ముందే పసిగడతామో లేదో చూసే హజార్డ్ టెస్టు కంప్యూటరు ముందు ఇవ్వాలి, తర్వాత పక్కన ఒకరు కూర్చుంటే బండి నడిపి చూపించాలి. రిజిస్ట్రేషనుకే ఏటా తొమ్మిది వందల డాలర్లు అటూ ఇటూగా పోతాయి, ఇన్సూరెన్సు వేరే. ఏడేళ్ళు నిండని పిల్లలకు వాళ్ళ సీటు విడిగా బిగించాలి. ఇంత చేశాక శనివారం వస్తుంది, అప్పుడు మొదలవుతుంది కాన్వాయ్. ఎనిమిది కుటుంబాలు, ఎనిమిది కార్లు, ఒక వాట్సాప్ గ్రూపు. బిర్యానీ ట్రే ఎవరు తేవాలి, పేపరు ప్లేట్లు ఎవరు తేవాలి అని శుక్రవారం అర్ధరాత్రి దాకా పోలింగు. దారి పొడుగునా పిల్లలు వెనక సీట్లో ట్యాబులు చూస్తారు, ఆడవాళ్ళు వాంతుల కవర్లు పట్టుకుని కూర్చుంటారు, మగవాళ్ళు పార్కింగు వెతుకుతారు. గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ట్వెల్వ్ అపోస్టల్స్ అని సముద్రంలో రాతి స్తంభాలున్నాయి. పేరుకే పన్నెండు, నిజానికి అన్ని లేవు, 2005లో ఒకటి కూలిపోయింది కూడా. మమ్మల్ని అక్కడికి ఇలాగే తీసుకెళ్ళారు. ఎనిమిది కుటుంబాలూ ఒక్కో స్తంభానికి ఒక్కో ఫొటో దిగి, చల్లారిన బిర్యానీ తిని వెనక్కొచ్చేశాం. మా వాడిని ఏం చూశావురా అని అడిగితే "కారు పార్కు" అన్నాడు.

రైలు సంగతి వేరు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2023 మార్చి 31 నుంచి రైలు చార్జీకి ఒక పైహద్దు పెట్టారు. ఊరి చివరికి వెళ్ళినా, రాష్ట్రం చివరికి వెళ్ళినా రోజుకు అదే హద్దు. శని, ఆదివారాల్లో ఇంకా తక్కువ, పెద్దవాళ్ళకు పది డాలర్లు కూడా కాదు. మేం తిరిగినప్పుడు పిల్లలకు అందులో సగం. ఇంతకంటే చవకగా కుటుంబానికి దేశం చూపించే మార్గం నాకైతే తెలీదు.

ఆ మొదటి ఏడే మా నాయన వచ్చాడు. జూలైలో, బడి సెలవుల్లో, తిమింగలాలు చూపిద్దామని వార్నంబూల్ బయల్దేరదీశాం. మెల్‌బోర్న్‌కు పడమరగా 260 కిలోమీటర్ల పైన, ఒంగోలు నుంచి తిరుపతి పోయినంత దూరం. అక్కడ లోగన్స్ బీచ్ దగ్గరికి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య సదరన్ రైట్ తిమింగలాలు వస్తాయి. అంటార్కిటికా వైపు చల్లటి నీళ్ళలో మేసి, బిడ్డను కనడానికి ఒడ్డుకు బాగా దగ్గరగా చేరతాయి. చూడ్డానికి ఒడ్డున చెక్క వేదిక కట్టారు, టికెట్టు లేదు.

ముందురోజు రాత్రి మా ఆవిడ అలసంద వడలు వేసింది. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు, ఫ్లాస్కులో టీ. నాయన పంచె కట్టు వదలనన్నాడు. పంచె కింద థర్మల్ ప్యాంటు, పైన నా జాకెట్టు, తలకు మంకీ క్యాపు. సదరన్ క్రాస్ స్టేషన్లో జనం చూస్తున్నారేమోనని నేను చూస్తున్నాను గానీ ఆయన మాత్రం మన పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కినంత ధీమాగా ఎక్కి కిటికీ సీటు పట్టాడు.

జీలాంగ్ దాటింది, కోలాక్ దాటింది. ఇక అక్కణ్ణించి ఎటు చూసినా పచ్చిక, పచ్చిక మీద నలుపూ తెలుపూ మచ్చల ఆవులు. నాయన ముందుకు వంగి అద్దానికి ముక్కు ఆనించాడు.

"ఒరే అబ్బయా, వీటికి మూపురం యాడబోయింది?"

"ఆ జాతికి ఉండదు నాయనా."

"మూపురం లేకపోతే కాడి యాడ నిలబడద్ది?"

పిల్లలు పకపకా నవ్వారు. ఎదురు సీట్లో ఒక ముసలాయన, బూట్లకు ఎండిన బురద. మా అమ్మాయి ఆయనకో వడ ఇచ్చింది. తిని, ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన మొహం వెలిగింది. టెరాంగ్ దగ్గర ఆయనకు డెయిరీ ఉందట, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడట. ఇక మొదలు. నాయన తెలుగులో అడగడం, ఆయన ఇంగ్లీషులో చెప్పడం, మధ్యలో నేను.

"పాలు ఎన్ని లీటర్లిస్తయ్యో అడుగు."

బాగా ఇచ్చే రోజుల్లో రోజుకు ముప్ఫై దాకా ఇస్తాయన్నాడు.

"నీళ్ళు కలిపి చెప్తుండాడు" అన్నాడు నాయన. అది నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

నాయన ఊరుకోలేదు. నా ఫోన్ లాక్కుని సంక్రాంతికి మా పక్కూళ్ళో జరిగిన బండలాగుడు పోటీ వీడియో తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఒంగోలు గిత్తల జత, వెనక ఇనప గొలుసుకు బండ, ఇరుపక్కలా ఈలలు, దుమ్ము, మైకులో అరుపులు. ముసలాయన కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. చూసి, ఎంతో మర్యాదగా, ఆ రాయిని ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగాడు.

"ఎక్కడికీ కాదు" అన్నాను.

ఆయన మళ్ళీ ఒకసారి వీడియో చూశాడు.

"యాడికని చెప్పావురా?" అన్నాడు నాయన.

ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో మూపురం ఉన్న పశువులు ఉంటాయనీ, బ్రాహ్మన్ జాతి అంటారనీ ఆయన చెప్పాడు. ఆ జాతిని అమెరికాలో తయారుచేసినప్పుడు అందులో మన ఒంగోలు రక్తం కూడా కలిసింది. బ్రెజిల్‌లోనైతే మన జాతి నెల్లూరు పేరుతోనే పెరుగుతోంది, ఆ దేశంలో ఎక్కువ పశువులు అవే. ఇది విన్నాక నాయన వెనక్కి వాలి కాలు మీద కాలేసుకున్నాడు. "అయితే మనోళ్ళు ముందే వచ్చుండారన్నమాట" అన్నాడు. టెరాంగ్‌లో ముసలాయన దిగేటప్పుడు ఇద్దరూ గట్టిగా చేతులు పట్టుకుని ఊపుకున్నారు.

తిమింగలం కనపడిందా అంటే, కనపడింది. వేదిక మీద గాలి కోసేస్తోంది. చాలాసేపు ఏమీ లేదు, మా అమ్మాయి ఇంటికి పోదామని మొదలుపెట్టింది. అంతలో అలల అవతల నల్లటి వీపు ఒకటి తేలింది. తల మీద తెల్లటి పొక్కుల్లాంటివి, వీపు మీద రెక్క లేదు. బుస్సుమని నీటి ఆవిరి రెండు పాయలుగా లేచింది. పక్కనున్నావిడ తన బైనాక్యులర్స్ నాయనకిచ్చి, పక్కన పిల్ల కూడా ఉంది చూడమంది. నాయన చూస్తూనే "ఈని ఎన్నాళ్ళయిందంట?" అన్నాడు. ఆవిడకు తెలీదంది. "కొత్తగా ఈనినట్టుంది, ఎవురూ దగ్గరికి పోమాకండి, పొడుస్తది" అని మా అందరినీ హెచ్చరించాడు. కార్తీక పౌర్ణమికి మా దగ్గర్లోని పాకల సముద్రంలో మునగడం తప్ప సముద్రంతో పెద్దగా పని పెట్టుకోని మనిషి, గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నా కదల్లేదు. తిరుగు బండి తప్పుతుందేమోనని నాకు టెన్షన్, ట్యాక్సీ ఎంతకీ రాదు. చివరికి గార్డు ఈల వేయబోతుంటే ఎక్కాం.

ఇప్పుడు చెప్పండి, కారులో ఆ ముసలాయన ఎక్కడ దొరుకుతాడు? నాయన వెనక సీట్లో నిద్రపోయేవాడు, నేను ఫోన్లో మ్యాపు చూసుకుంటూ ఎడమా కుడా అనుకునేవాణ్ణి. కొత్త దేశంలో మన కుటుంబానికి అక్కడి మనిషి తగిలేది రైల్లోనే, బస్సులోనే. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

సరుకులెలా అంటారు. బియ్యం బస్తా దుకాణం వాళ్ళే ఇంటికి చేరుస్తారు. కూరగాయలకు, చేపలకు చక్రాల సంచి ఒకటి కొన్నాం, అక్కడి ముసలమ్మలు లాక్కుని తిరుగుతుంటారే, అది. మా ఆవిడ మొదట్లో "మనవాళ్ళెవరన్నా చూస్తారేమో" అని ముఖం పక్కకు తిప్పుకుని లాగేది. తర్వాత మా వైపే ఉన్న ఫుట్స్‌క్రేలో చేపల దుకాణాల్లో తలతో సహా పండుగప్ప దొరుకుతుందని తెలిసింది. అక్కడ దాన్ని బర్రముండి అని అమ్ముతారు. ఇక ఆ సంచిని నన్ను ముట్టుకోనివ్వలేదు. మామిడికాయ ముక్క వేసి పులుసు పెట్టిన రోజు రైలు డబ్బాలో వాసన గురించి ఎవరేమనుకున్నా మాకు లెక్కలేదు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. పొలాల మధ్య కొత్తగా కట్టిన లేఅవుట్లలో అద్దె తక్కువని ఇల్లు తీసుకుంటే నా మాటలేవీ పనికిరావు. గంటకో బస్సు కూడా రాని చోట పిల్లలతో రైలు ప్రయాణాలు కుదరవు. అందుకే ఇల్లు వెతికేటప్పుడు గదులు ఎన్నని కాకుండా స్టేషనుకు ఎన్ని నిమిషాల నడకని అడగండి. అద్దె కాస్త ఎక్కువైనా కారు ఖర్చుతో పోలిస్తే తేలిపోతుంది.

మా ఊళ్ళో ఇప్పుడు నాయన ఈ కథ చెప్పని రోజు లేదు. ఆయన చెప్పేదాంట్లో తిమింగలం పాకల నుంచి పక్కనున్న ఊళ్ళపాలెం దాకా పెరిగింది, టెరాంగ్ ముసలాయన పాలల్లో నీళ్ళు కూడా పెరిగాయి. వినేవాళ్ళు అంతా విని చివర్లో నావైపు తిరిగి, "ఇంతకీ కారేం కొన్నావబ్బయా?" అంటున్నారు.

మీరూ వార్నంబూల్ వెళ్ళేట్టయితే సీటు రిజర్వు చేసుకోవాలేమో ముందే కనుక్కోండి, రోజుకు బళ్ళు కొన్నే. తిరుగు బండి టైము చూసుకుని ట్యాక్సీని దిగినప్పుడే మాట్లాడిపెట్టుకోండి. జూలై చలికి పెద్దవాళ్ళకు మంకీ క్యాపు తప్పనిసరి. వడలు నాలుగు ఎక్కువే వేసుకెళ్ళండి.