జీతం లేని పొలం పనికి వెళ్తానంటున్న అబ్బాయి: పంపాలా, ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. బీఎస్సీ బోటనీ అయిపోయింది. పీజీకి అప్లై చేయమంటే, ముందు ఆరు నెలలు సేంద్రియ పొలాల్లో వాలంటీరుగా పనిచేసి వస్తానంటున్నాడు. జీతం ఉండదట, తిండీ ఉండటానికి చోటూ మాత్రం వాళ్లే ఇస్తారట. కుదిరితే వేరే దేశం కూడా వెళ్తాడట. మావారు "చదువుకున్నది వెట్టిచాకిరీ చేయడానికా" అని కోప్పడ్డారు, అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఇది వాడి కెరీర్‌కి పనికొస్తుందా, ఆరు నెలలు వృథానా?

జవాబు: అమ్మా, మీవారి మాట దగ్గరే మొదలుపెడతాను. ఆ మాటలో కొంత నిజం ఉంది, మీ అబ్బాయి దాన్ని కొట్టిపారేయకూడదు. జీతం లేకుండా పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఎవరి పొలంలోనో ఒళ్లు హూనం చేసుకుంటే దాన్ని వెట్టి అనే అంటారు, అక్కడ రసాయన ఎరువులు వాడనంత మాత్రాన ఆ పేరు మారదు. కానీ మీవాడు వెళ్దామనుకుంటున్నది, సరైన చోటు దొరికితే, దానికి చాలా దూరం.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో చెబితే మీవారికి కొంచెం కోపం తగ్గొచ్చు. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కోపర్డ్ అనే ఆవిడ, తనలాంటి పట్నం వాళ్లకి పల్లెకి వెళ్లే దారే లేకుండా పోయిందని, ససెక్స్‌లో ఎమర్సన్ కాలేజీ వాళ్ల పొలానికి శని, ఆదివారాల్లో వచ్చి పనిచేస్తామని అడిగి కొద్దిమందిని వెంటబెట్టుకుని వెళ్లింది. పని చేసినందుకు తిండి, పడుకోవడానికి చోటు, అంతే. అదే పెరిగి పెరిగి ఇవాళ వందకు పైగా దేశాల్లో ఉన్న "వూఫ్" అయింది. మొదట్లో దాని పేరులో "పని" అనే మాట ఉండేది, తర్వాత తీసేశారు. ఇమిగ్రేషన్ వాళ్లతో వచ్చిన చిక్కులు అందుకు ఒక కారణం, ఆ చిక్కు మీ అబ్బాయికీ తగులుతుంది కాబట్టి కింద విడిగా చెబుతాను.

మామూలుగా ఒప్పందం ఏమిటంటే రోజుకి నాలుగు నుంచి ఆరు గంటల పని, వారానికి ఐదు రోజులు, మహా అయితే ఆరు. మిగతా సమయం వాడిది. ఆ గంటలు దాటి రోజూ పని చెబుతున్నారంటే అక్కడ వాలంటీర్ పేరుతో జీతం ఎగ్గొడుతున్నారని అర్థం. నేను ప్రతి స్టూడెంట్‌కీ ఒకే ప్రశ్న వేసుకోమంటాను: ఒక నెల వాలంటీర్లు ఎవరూ రాకపోతే ఆ పొలం నడుస్తుందా? నడుస్తుంది, కాకపోతే కొంచెం ఆలస్యం అవుతుంది అనిపిస్తే మంచి చోటు. అక్కడ రైతుకి వాలంటీర్ ఒక తోడు, చెప్పించుకునేవాడు దొరికాడన్న సంతోషం ఉంటుంది. నడవదు, కోతా ప్యాకింగూ మొత్తం వచ్చే పోయే పిల్లల మీదే ఆధారపడి ఉంది అంటే అది జీతాలు మిగుల్చుకునే వ్యాపారం. ఈ సంగతి చాలావరకు అక్కడ ముందు పనిచేసి వచ్చినవాళ్లు రాసిన రివ్యూల్లోనే తెలిసిపోతుంది. "కుటుంబంలా చూసుకున్నారు" అని రాసినదానికంటే, ఏ రోజు ఏ పని చేశారో వివరంగా రాసిన రివ్యూని నమ్మమనండి.

కొన్నేళ్ల క్రితం ఒకమ్మాయి నా సలహా మీదే వెళ్లింది. రోజుకి తొమ్మిది గంటలు షెడ్డులో కూరగాయలు కడిగి పెట్టెలకెత్తడమే పని, పొలంలో ఏ మడిలో ఏముందో కూడా ఎవరూ చూపించలేదు. మధ్యలో వచ్చేస్తే మాట తప్పినట్టవుతుందని నెలన్నర ఉండిపోయింది. పని గంటలు ముందే రాతపూర్వకంగా అడగమనీ, నచ్చకపోతే మర్నాడే వచ్చేయొచ్చనీ నేను తనకి చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అప్పట్నుంచీ ఈ రెండు మాటలు చెప్పకుండా ఎవర్నీ పంపడం లేదు.

ఇప్పుడు వేరే దేశం సంగతి. జీతం తీసుకోవట్లేదు కదా, టూరిస్ట్ వీసా సరిపోతుంది అని చాలామంది పిల్లలు అనుకుంటారు. చాలా దేశాల చట్టం అలా చూడదు, తిండీ వసతీ కూడా ప్రతిఫలమే. ఉదాహరణకి న్యూజిలాండ్‌లో ఇలా చేసేదాన్ని పనిగానే లెక్కేస్తారు, విజిటర్ వీసా మీద చేయకూడదు. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు వర్కింగ్ హాలిడే వీసా (దేశం తిరుగుతూ మధ్యలో పని కూడా చేసుకోనిచ్చే కుర్రాళ్ల వీసా) మీద వచ్చినవాళ్లు రెండో ఏడాది వీసా కోసం పొలాల్లో 88 రోజులు పని చేసి చూపించాల్సి వచ్చినప్పుడు, జీతం లేని వాలంటీర్ పని కూడా లెక్కలోకి వచ్చేది. ఆ అవసరాన్ని అడ్డం పెట్టుకుని కుర్రాళ్లతో ఊరికే చాకిరీ చేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారని, 2015 డిసెంబరు 1 నుంచి జీతం ఇచ్చిన పనినే లెక్కేస్తున్నారు. మీవారి అనుమానం ఒక ప్రభుత్వానికే వచ్చిందన్నమాట. అందుకని వెళ్లాలనుకున్న దేశం ఎంబసీ నియమాలు చదవకుండా టికెట్ కొననివ్వకండి. "అధికారులు అడిగితే చుట్టాన్ని చూడ్డానికి వచ్చానని చెప్పు" అని సలహా ఇచ్చే రైతు ఎవరైనా ఉంటే ఆ పొలం పేరు అక్కడితో కొట్టేయండి. దొరికితే వెనక్కి పంపించేస్తారు, ఆ మచ్చ తర్వాత చదువుకి వీసా అడిగినప్పుడు కూడా బయటపడుతుంది. నా మాటగా చెప్పండి, మొదటిసారి సొంత దేశంలోనే చేయమనండి. మట్టి నేర్పేది ఎక్కడైనా నేర్పుతుంది.

ఇక్కడి నుంచి మీ అబ్బాయితో మాట్లాడతాను, ఇది తనకి చూపించండి.

బాబూ, నువ్వు బోటనీ చదివావు కాబట్టి ఒక మనిషి గురించి చెబుతాను. ఆల్బర్ట్ హోవర్డ్ కూడా బోటనీ వాడే, 1905లో ఇంగ్లండ్ నుంచి మన బిహార్‌లో పూసా అనే ఊళ్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వచ్చాడు. ఇక్కడి రైతులకి నేర్పుదామని వచ్చినవాడు వాళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు. తర్వాత ఇండోర్‌లో ఉన్నప్పుడు కంపోస్టు చేసే పద్ధతిని ఒక క్రమంలో పెట్టాడు, దాన్ని ఇప్పటికీ ఇండోర్ పద్ధతి అనే అంటారు. ఆయన పొలంలో ఊరికే గడపలేదు, చూసింది కొలిచాడు, రాశాడు. నీ ఆరు నెలలు పనికొస్తాయా లేదా అన్నది ఆ రాసుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది.

కంపోస్టునే తీసుకో. కుప్ప తిరగేయమన్నారు, నువ్వు తిరగేశావు, నడుం నొప్పి వచ్చింది, అంతే అయితే నువ్వు కూలి పని చేశావు. అదే కుప్పలో ఎండు ఆకులు ఎంత వేశారు, పేడ ఎంత వేశారు, కర్బనం నత్రజని పాళ్లు ఎక్కడున్నాయి, మూడో రోజు లోపలి వేడి ఎంత, ఎందుకు పడిపోయింది, నీళ్లు ఎక్కువై గాలి ఆడలేదా అని చూసి రాసుకుంటే నువ్వొక ప్రయోగం చేసినట్టు. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం బయట వరుసలుగా పోసిన కుప్ప 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ మధ్య 15 రోజులు ఉండాలి, ఆ లోపు కనీసం ఐదుసార్లు తిరగేయాలి. క్లాసులో చదివితే ఇది ఒక మార్కు ప్రశ్న. థర్మామీటర్ గుచ్చి నువ్వే చూస్తే ఆ అంకె ఎందుకు పెట్టారో, రోగకారక క్రిములూ కలుపు గింజలూ ఎలా చస్తాయో జన్మలో మర్చిపోవు.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. సాయంత్రం పూట ఆ రైతుని బతిమాలి అయినా సరే రికార్డు పుస్తకాలు చూడు. సేంద్రియ సర్టిఫికెట్ కావాలంటే చేలో పనితో పాటు కాగితాలూ ఉండాలి: విత్తనం ఎక్కడిది, ఏ మడిలో ఏ రోజు ఏం వేశారు, పక్క పొలంలో మందు కొడితే ఇటు రాకుండా ఎంత ఎడం వదిలారు, కోసింది ఎంత, అమ్మింది ఎంత. అమెరికాలో పంట కోసే నాటికి ఆ నేల మీద మూడేళ్లుగా నిషేధించిన మందులేవీ పడి ఉండకూడదు. పచ్చి పేడ వేస్తే, మట్టికి తగిలే పంటని 120 రోజుల దాకా కోయకూడదు, తగలని పంటకైతే 90 రోజులు. ఇవన్నీ తేదీలతో రాసి ఉంటేనే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడు. చాలామంది రైతులకి చేను మీద ప్రేమ ఉంటుంది కానీ ఈ కాగితాలంటే టెన్షన్. నువ్వు రెండు నెలలు ఆ రికార్డులు రాసి పెట్టగలిగితే వాళ్లకి పెద్ద సాయం, నీకు ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం. సర్టిఫికేషన్ సంస్థలు, విత్తన సంస్థలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, ఆహార కంపెనీల కొనుగోలు విభాగాలు, వీళ్లందరికీ చేనూ తెలిసి ఫైలూ తెలిసిన మనిషి కావాలి. అలాంటివాళ్లు తక్కువ.

రెజ్యూమేలో "ఆరు నెలలు సేంద్రియ పొలాల్లో వాలంటీర్" అని ఒక లైను రాస్తే ఇంటర్వ్యూ చేసేవాడు దాన్ని సరదాగా తిరిగొచ్చినట్టే చదువుతాడు. రెండెకరాల్లో నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా ఉన్నాను, ఈ పురుగు వచ్చింది, ఇది ప్రయత్నించాం, ఇది పనిచేయలేదు, ఇవిగో నా నోట్సు అని చెప్పగలిగితే కుర్చీలో ముందుకు జరిగి వింటాడు. అందుకే ఆరు నెలల్లో ఎనిమిది పొలాలు తిరగొద్దు. ఒకటి, లేదా రెండు. ఒక చోట ఒక పంట మొదలు చివర చూడు. మొదటి రెండు వారాలూ కలుపు తీయడమే ఉంటుంది, విసుగొస్తుంది, నీకు నేర్పాలా వద్దా అని రైతు చూసేది కూడా ఆ రెండు వారాల్లోనే. వచ్చేటప్పుడు నువ్వేం చేశావో రాసిన ఉత్తరం ఒకటి ఆయన సంతకంతో తీసుకో.

వెళ్లే ముందు ఆ రైతుతో వీడియోలో మాట్లాడు. గంటలెన్ని, సెలవు ఏ రోజు, పడుకునే గదికి లోపలి నుంచి గడియ ఉందా, ఫోన్ సిగ్నల్ ఉందా, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, నీతోపాటు ఇంకెవరు ఉంటారు, ఇవి అడగడం మర్యాద తక్కువేమీ కాదు. మంచి రైతు తనే చెబుతాడు, విసుక్కునేవాడి దగ్గర నీకు పని లేదు. టెటనస్ టీకా వేయించుకో, ఇన్సూరెన్స్ తీసుకో, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచు. ట్రాక్టర్, రంపం మెషీన్ లాంటివి నేర్పించకుండా నడపమంటే కుదరదని చెప్పు.

ఒక్క ప్రశ్న మాత్రం నీకు నువ్వే నిజాయితీగా వేసుకో. పీజీ ఎంట్రన్స్ భయంతోనో, ఏం చదవాలో తేలకో వెళ్తున్నావా? అలా అయితే వెళ్లొద్దు. పొలం ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు, ఆరు నెలల తర్వాత అదే ప్రశ్న గుమ్మంలో నిలబడి ఉంటుంది, అప్పటికి అప్లికేషన్ తేదీలు దాటిపోయి ఉంటాయి. పీజీ చేయాలనే ఉంటే ముందు అప్లై చేసి, సీటు వచ్చాక ఒక ఏడాది వాయిదా వేసుకోనిస్తారా అని యూనివర్సిటీని రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే, కోర్సు మొదలయ్యేలోపు ఎన్ని వారాలు ఖాళీ ఉంటే అన్నే వారాలు వెళ్లు.

అమ్మా, మళ్లీ మీతో. ఆరు నెలలకి అవును, కాదు అని ఇప్పుడే తేల్చాల్సిన పనిలేదు. ముందు రెండు వారాలకి పంపండి, సొంత దేశంలో, వాడు పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగి ఎంచుకున్న పొలానికి. ఆ వీడియో కాల్‌లో మీవారిని కూడా కూర్చోబెట్టండి. ఆయనకి తోచిన ప్రశ్నలు ఆయనే నేరుగా ఆ రైతుని అడగనివ్వండి, మధ్యలో మీరు ఆపొద్దు, వెట్టి చేయిస్తారా అని అడిగినా సరే. రెండు వారాలయ్యాక వాడు రాసుకున్న నోట్‌బుక్ తెరిచి ముగ్గురూ కలిసి చదవండి. అందులో ఏమీ లేకపోతే పీజీ అప్లికేషన్ నింపే పని చూడండి. పేజీలు నిండి ఉంటే మిగతా అయిదున్నర నెలల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం, ఆ పొలం వివరాలతో నాకు మళ్లీ రాయండి.