రెండు ఖజానాల నడుమ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

జాతీయ ఆరోగ్య మిషన్ జిల్లా ప్రోగ్రామ్ అధికారిగా చేరబోతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. సాయంత్రమంతా వీధిలో కనబడిన వారందరికీ చెప్పుకున్నాను గాని, రాత్రి నిద్ర పట్టలేదు.

ఛార్జి తీసుకునేటప్పుడు స్టాకు రిజిస్టరూ నగదు పుస్తకమూ సరిచూడకుండా సంతకం పెట్టకు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అదే మన పీహెచ్‌సీలన్నీ ఒకసారి తిరుగు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి. వైద్య విద్య, కుటుంబ నియంత్రణ, అంటురోగాలు రాష్ట్రం దాటకుండా అరికట్టడం ఉమ్మడి జాబితాలోనివి. అందుకే ఆసుపత్రి రాష్ట్రానిదైనా అందులో నడిచే ఈ మిషన్ పథకానికి 2015-16 నుంచి మన వంటి రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తున్నాయి. ఒకే వార్డులో పనిచేసే ఇద్దరు నర్సుల్లో రెగ్యులర్ ఆమెకు రాష్ట్ర ఖజానా నుంచి, కాంట్రాక్టు ఆమెకు మిషన్ నిధుల నుంచి జీతం వస్తుంది. ఈ ఏర్పాటును నేను తప్పుపట్టను. రాష్ట్రానికి ఆ స్వేచ్ఛ ఉండబట్టే 2018 నాటి ఆయుష్మాన్ భారత్ కన్నా పదకొండేళ్లు ముందే మన దగ్గర ఆరోగ్యశ్రీ మొదలైంది.

జిల్లాలో మిషన్ లెక్కలు నా చేతిలో ఉన్న రోజుల్లో నేను చేసిన తప్పు విను. 2013-14 వరకు మిషన్ సొమ్ము ఢిల్లీ నుంచి నేరుగా రాష్ట్ర ఆరోగ్య సంఘం ఖాతాకు చేరేది. మరుసటి ఏడాది నుంచి రాష్ట్ర ఖజానా మీదుగా రావడం మొదలైంది. ఆ సర్క్యులరును చదివి, సంతకం చేసి, ఫైలులో పెట్టాను. దారిలో మరో గడప చేరిందన్న సంగతి మాత్రం తలకెక్కించుకోలేదు. జీతాల సొమ్ము ఎప్పటిలాగే వస్తుందన్న ధీమాతో ఉన్న నిల్వను శిక్షణలకూ వాహనాల అద్దెలకూ చెల్లించేశాను. మూడు నెలలు పైసా రాలేదు. ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి, "సార్, మా జీతం ఢిల్లీలో ఆగిందా, హైదరాబాదులో ఆగిందా?" అని అడిగాడు. పైనుంచే రాలేదని చెప్పి పంపించాను. నిజానికి రెండు పీహెచ్‌సీల లెక్కలు అందలేదన్న సాకుతో ఇచ్చిన సొమ్ము ఖర్చయిందని చూపే జిల్లా వినియోగ ధ్రువపత్రాన్ని నేనే పంపకుండా కూర్చున్నాను, అది చేరనిదే తరువాతి వాయిదా కదలదని తెలిసి కూడా. అతను మరుసటి నెల ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

పథకం సొమ్మంతా రాష్ట్రంలో ఒకే బ్యాంకు ఖాతాలో ఉంచే ఒకే నోడల్ ఖాతా పద్ధతి 2021లో వచ్చింది, దానివల్ల ప్రతి రూపాయీ తెరమీద కనబడుతుందని నువ్వు నవ్వుతావు. కనబడిన సొమ్ము చేతికందిన సొమ్ము కాదు తల్లీ! లెక్కలు రాని చోటికి ఉత్తరాలు రాస్తూ కూర్చోక, నువ్వే బండెక్కి వెళ్లి తెచ్చుకో. వెళ్లే ముందు అన్నం తిను. పనిలో పడితే తిండి మరిచే అలవాటు నీకు చిన్నప్పటిదే.

చేరిన రోజు ఫోను చెయ్యి. జీతాల పద్దులో ఎన్ని నెలలకు సరిపడా ఉందో అడుగుతాను.

ఇట్లు,
మీ మామయ్య